కాలేజీ చిత్తూరులో, పట్టా తిరుపతిలో: ఏ పనికి ఏ గడప ఎక్కాలి?

తిరుపతిలో ఆటో ఆపి "ఎస్వీ కాలేజీకి పోవాల" అంటే డ్రైవరు వెంటనే బండి తియ్యడు. "ఏ ఎస్వీ సార్?" అంటాడు. ఆయన అడగడంలో న్యాయం ఉంది. టి.టి.డి. 1945లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల ఒకటి. అక్కడ డిగ్రీ చదువుతారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) ఆవరణలో ఉన్న ఎస్వీయూ ఆర్ట్స్ కళాశాల వేరు. అక్కడ సాగేది ఎం.ఏ. స్థాయి చదువు. 1959లో వచ్చిన ఇంజనీరింగ్ కళాశాల విశ్వవిద్యాలయం సొంతం. 1960లో మొదలైన ఎస్వీ వైద్య కళాశాల ప్రభుత్వానిది, కానీ దాని పట్టా ఇచ్చేది విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం (2022లో దాని పేరు మార్చారు, 2024లో మళ్లీ పాత పేరే పెట్టారు. మధ్యలో చదివిన వాళ్ల కాగితాల మీద వేరే పేరు కనబడితే కంగారు పడనక్కర్లేదు). ఎస్వీ వ్యవసాయ కళాశాల ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. పశువైద్యానికి 2005లో వేరే విశ్వవిద్యాలయమే వచ్చింది. స్విమ్స్ ఆస్పత్రి 1995 చట్టంతో తానే ఒక విశ్వవిద్యాలయమైంది.

స్వామివారి పేరుతో ఇంత తికమక ఉంటే అమ్మవారి పేరుతోనూ తక్కువేం లేదు. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి స్వతంత్రంగా పట్టాలిస్తోంది. శ్రీ పద్మావతి మహిళా డిగ్రీ, పి.జి. కళాశాల 1952 నాటిది, నడిపేది టి.టి.డి., పట్టా ఇచ్చేది ఎస్వీయూ. శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల 2014లో స్విమ్స్ కింద వచ్చింది. దరఖాస్తులో "పద్మావతి" అని చూసి డబ్బు కట్టేసి, తర్వాత తలపట్టుకునే వాళ్లు ఏటా ఉంటారు.

పేర్లు అర్థమైనంత మాత్రాన పని కాదు. అసలు చిక్కు ఏమిటంటే, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరిన పిల్లవాడికి యజమాని ఒక్కడు కాదు. భవనం ఒకరిది, సీటు ఇచ్చేది ఒకరు, పరీక్ష పెట్టేది ఒకరు, ఫీజు కట్టేది ఇంకొకరు. ఏ పనికి ఎవరి దగ్గరికి పోవాలో తెలియక తిరిగే తిరుగుడే మన వైపు డిగ్రీ చదువులో సగం కష్టం.

ఒక ప్రభుత్వ కాలేజీ, అయిదుగురు పెద్దలు

చిత్తూరులోని పి.వి.కె.ఎన్. ప్రభుత్వ కళాశాలను తీసుకుందాం. పలమనేరు, పుత్తూరు, నగరి, కుప్పం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకూ దాదాపు ఇదే వరస.

భవనాలు, అధ్యాపకుల జీతాలు, బదిలీలు రాష్ట్ర కళాశాల విద్యాశాఖ కమిషనర్ చేతిలో ఉంటాయి. ఆయనకూ కాలేజీకీ మధ్య కడపలో ప్రాంతీయ సంయుక్త సంచాలకుల కార్యాలయం ఉంది. శాశ్వత అధ్యాపకులను ఏ.పి.పి.ఎస్.సి. ఎంపిక చేస్తుంది. అది నోటిఫికేషన్ వేసేదాకా ఖాళీలను కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులతో నెట్టుకొస్తారు. కాబట్టి "ఫిజిక్స్ చెప్పే సారు లేడు" అన్న అర్జీ విశ్వవిద్యాలయానికి పెడితే లాభం లేదు. ఆ పోస్టు వాళ్లది కాదు.

సీట్ల సంగతి రాష్ట్ర ఉన్నత విద్యామండలిది. 1988 చట్టంతో ఏర్పడిన ఈ మండలే ఈఏపీసెట్, ఐసెట్, ఎడ్‌సెట్, లాసెట్ వంటి ప్రవేశ పరీక్షలను ఏటా ఏదో ఒక విశ్వవిద్యాలయానికి అప్పజెప్పి జరిపిస్తుంది. మామూలు డిగ్రీకి ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్ మార్కులే కొలత. అయితే 2020-21 నుంచి నేరుగా కాలేజీకి పోయి పేరు రాయించుకునే పద్ధతి పోయింది. ఆన్‌లైన్‌లో నమోదు, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, ఆ తర్వాత కాలేజీలో రిపోర్టు చేయడం, ఈ వరసలో నడుస్తుంది. తేడా వచ్చేది ఎక్కువగా చివరి మెట్టులో. ఫోనుకు మెసేజ్ వచ్చింది కదా, సీటు మనదే అనుకుని ఇంట్లో కూర్చుంటే, గడువు దాటాక అది ఖాళీ లెక్కలోకి పోయి తర్వాతి విడతలో వేరేవాళ్లకు వెళ్తుంది. రెండో పొరపాటు ఒక్క కాలేజీకే ఆప్షన్ ఇవ్వడం. అది రాకపోతే ఆ విడతలో చేతికి ఏమీ రాదు. ఇష్టమైన వరసలో ఎన్ని ఆప్షన్లు ఇచ్చినా నష్టం లేదు, పైది దొరికితే కిందివి వాటంతట అవే పోతాయి.

పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానివి. ఇక్కడొక మెలిక ఉంది. కాలేజీ స్వయంప్రతిపత్తి పొందితే, అంటే పేరు పక్కన "అటానమస్" అని ఉంటే, సిలబస్ దిద్దుకోవడం, ప్రశ్నపత్రం తయారు చేయడం, మార్కుల మెమో ఇవ్వడం కాలేజీ పనే. పి.వి.కె.ఎన్. అటువంటిదే. పట్టా మాత్రం విశ్వవిద్యాలయమే ఇస్తుంది. అందుకని మెమోలో తప్పు పడితే చిత్తూరులో కాలేజీ పరీక్షల విభాగానికి పోవాలి, పట్టా రాకపోతే తిరుపతికి పోవాలి. అటానమస్ కాని కాలేజీ అయితే రెండూ తిరుపతిలోనే, అదీ ప్రిన్సిపాల్ సంతకంతో పోవాలి. నేరుగా పోయిన అర్జీని "త్రూ ప్రాపర్ చానల్" అని వెనక్కి పంపుతారు.

నాలుగోది యు.జి.సి., అంటే విశ్వవిద్యాలయాలకు, కాలేజీలకు గ్రాంట్లిచ్చే కేంద్ర సంఘం. 1956 నాటి దాని చట్టంలో 2(ఎఫ్) కింద గుర్తింపు, 12(బి) కింద గ్రాంటు అర్హత అని రెండున్నాయి. రెండోది లేకపోతే కాలేజీకి కేంద్రం డబ్బు రాదు. అయిదోది న్యాక్, కాలేజీల నాణ్యత తూచే సంస్థ. ఇది గ్రేడు ఇస్తుంది, అంతకు మించి అధికారం లేదు. కానీ స్వయంప్రతిపత్తి రావాలన్నా, దూరవిద్య నడపాలన్నా ఆ గ్రేడు చూస్తారు గనక కాలేజీలు దానికోసం ఏడాది ముందు నుంచే ఫైళ్లు సర్దుతాయి. తల్లిదండ్రులు మాత్రం గ్రేడు కన్నా ముందు, తమ పిల్ల చేరబోయే సబ్జెక్టుకు శాశ్వత అధ్యాపకులు ఎందరున్నారో కాలేజీలో అడిగి తెలుసుకుంటే మేలు. గ్రేడు మొత్తం కాలేజీది, పాఠం ఆ ఒక్క విభాగానిది.

కొత్త కోర్సు పెట్టాలంటే ఈ పెద్దల ముడి ఎంత గట్టిదో తెలుస్తుంది. ప్రిన్సిపాల్ ముందు కమిషనర్ అనుమతి తేవాలి, విశ్వవిద్యాలయం అనుబంధ గుర్తింపు ఇవ్వాలి, మండలి ఆ సీట్లను ప్రవేశాల పోర్టల్‌లో చేర్చాలి. బి.సి.ఏ., బి.బి.ఏ. అయితే 2024-25 నుంచి సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏ.ఐ.సి.టి.ఇ. ఆమోదం కూడా కావాలి. నాలుగింట్లో ఏది ఆలస్యమైనా వెబ్ ఆప్షన్లలో ఆ కోర్సు కనబడదు. "పోయినేడు ఉన్న కోర్సు ఈసారి లేదే" అంటే మూతపడినట్టే అనుకోవద్దు, కాగితం ఎక్కడో ఆగి ఉండొచ్చు. ఒకసారి కాలేజీకి ఫోన్ చేసి అడగడం మంచిది.

విశ్వవిద్యాలయం ఎలా పుట్టింది, ఎలా చిన్నదైంది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాయలసీమలో విశ్వవిద్యాలయం లేదు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెడతామన్న మాట ఉంది. చివరికి ఆ భాగ్యం తిరుపతికి దక్కింది. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఉండగా 1954 సెప్టెంబరు 2న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. టి.టి.డి. స్థలమిచ్చి ఆదుకుంది, ఎస్. గోవిందరాజులు నాయుడు మొదటి ఉపకులపతి. అంతకు ముందు ఎస్వీ ఆర్ట్స్ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. టి.టి.డి. 1939లో పెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థ కూడా 1956లో తాళపత్రాలతో సహా విశ్వవిద్యాలయానికి వచ్చింది.

ఆ తర్వాతి కథ ఉమ్మడి కుటుంబంలో పంపకాల్లాంటిది. అనంతపురంలోని పి.జి. కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. కడప పి.జి. కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయంగా మారింది. నెల్లూరుకు 2008లో విక్రమ సింహపురి వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలు చాలావరకు జె.ఎన్.టి.యు. అనంతపురం కిందికి పోయాయి. పెద్దింటికి మిగిలింది ప్రధానంగా పాత చిత్తూరు జిల్లా. అనుబంధ కాలేజీల ఫీజులు, పరీక్ష ఫీజులు విశ్వవిద్యాలయానికి ముఖ్యమైన రాబడి. ఆ కాలేజీలు తగ్గాయి, పాత ఉద్యోగుల పింఛన్లు మాత్రం తగ్గవు. పరీక్షల విభాగంలో మనుషులు చాలక పని నెమ్మదిస్తే దాని వేరు ఇక్కడ కూడా ఉంది.

పాలన ఇప్పుడు 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం సాగుతుంది. కులపతి గవర్నరు. అన్వేషణ సంఘం ముగ్గురి పేర్లు ఇస్తే అందులోంచి ఉపకులపతిని మూడేళ్లకు నియమిస్తారు. పాలకమండలి, విద్యా సెనేట్, సబ్జెక్టువారీ పాఠ్య నిర్ణాయక మండళ్లు ఉంటాయి. విద్యార్థికి ఇందులో అక్కరకు వచ్చేవి రెండే పేర్లు: పరీక్షల నియంత్రణాధికారి, కళాశాలల అభివృద్ధి మండలి డీన్. మొదటిది మెమోలు, పట్టాల గడప. రెండోది కాలేజీల గుర్తింపు చూసే గడప. ప్రైవేటు కాలేజీలో చేరేముందు ఆ ఏడాదికి, ఆ కోర్సుకు అనుబంధం పొడిగించారో లేదో కనుక్కోవాలి. పొడిగించకపోతే దాని దెబ్బ పరీక్షల ముందు తగులుతుంది, హాల్ టికెట్లు ఆగినప్పుడు.

"ఎస్వీయూ లోకల్" అంటే ఎస్వీయూలో చదవడం కాదు

అందరూ తప్పు చేసేది ఇక్కడే, అందుకే కొంచెం నిలబడి చూద్దాం. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. ఆ ఉత్తర్వులో "శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం" అంటే పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు. మిగతా కోస్తా జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం. మూడోదైన ఉస్మానియా ప్రాంతం 2014లో తెలంగాణతో పోయింది. అంటే కర్నూలు పిల్ల, రాయలసీమ విశ్వవిద్యాలయం కింద చదివినా, ప్రవేశాల లెక్కలో "ఎస్వీయూ లోకల్". 2022లో జిల్లాలు చీలి గూడూరు తిరుపతి జిల్లాలోకి వచ్చినా ఈ లెక్క మారలేదు.

స్థానికత తేల్చేది పుట్టిన ఊరు కాదు, రేషన్ కార్డూ కాదు, చదివిన చోటు. అర్హత పరీక్షతో ముగిసే వరస నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివితే అక్కడి లోకల్. డిగ్రీకి ఇంటర్ అర్హత పరీక్ష గనక 9, 10, ఇంటర్ రెండేళ్లు చూస్తారు. ఆ నాలుగు కుదరకపోతే ఏడేళ్లు, అంటే 6 నుంచి ఇంటర్ దాకా, రాష్ట్రంలోనే చదివారా అని చూసి ఎక్కువ ఏళ్లు ఎక్కడుంటే అక్కడి లోకల్‌గా తీసుకుంటారు. సమానమైతే చివర చదివిన చోటు.

పీలేరు పిల్లవాడు 6 నుంచి 10 దాకా ఊళ్లోనే చదివి ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌కు పోయాడనుకోండి. నాలుగేళ్ల లెక్క తప్పింది. ఏడేళ్ల లెక్కలో అయిదు ఇక్కడ, రెండు అక్కడ. కాబట్టి ఎస్వీయూ లోకలే. అదే పిల్లవాడు 9వ తరగతిలోనే విజయవాడ పోయి ఉంటే నాలుగేళ్లూ అక్కడే, ఆంధ్రా ప్రాంతపు లోకల్ అయిపోతాడు. తిరుపతిలో అతడు నాన్‌లోకల్. నెల్లూరులో చదివినవాడికి ఈ బెంగ లేదు, అది మన ప్రాంతమే.

అసలు నష్టం సరిహద్దు దాటినవాళ్లకు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, పలమనేరు వాళ్లకు బెంగళూరు దగ్గర. పదో తరగతి దాకా ఇక్కడ చదివి ప్లస్ టూ తమిళనాడులో చేసిన పిల్లకు నాలుగేళ్ల లెక్కా కుదరదు, రాష్ట్రంలో ఏడేళ్ల లెక్కా కుదరదు. తాతల నాటి ఇల్లు చిత్తూరులో ఉన్నా సరే. అలాంటి వాళ్లు అన్‌రిజర్వ్‌డ్ సీట్లలో, అంటే ఆ 85 శాతం పోగా మిగిలిన వాటిలో, పోటీ పడాలి, దానికి తల్లిదండ్రుల నివాస ధ్రువపత్రం తహసీల్దారు దగ్గర తీసుకోవాలి. వేరే బోర్డు చదువు గనక మైగ్రేషన్, ఎలిజిబిలిటీ సర్టిఫికెట్లు కూడా అడుగుతారు. ఇవన్నీ కౌన్సెలింగ్ రోజున గుర్తొస్తే పని కాదు. ప్లస్ టూకు వేలూరు పంపే ముందే లెక్క వేసుకోవాలి. 6 నుంచి ఇంటర్ దాకా ఏడు స్టడీ సర్టిఫికెట్లు ఒక కవర్లో దాచిపెట్టుకున్న ఇంటికి సగం గొడవ తప్పుతుంది.

మెమో చదవడం ఎలా

మార్కుల మెమో మీద విశ్వవిద్యాలయం లేదా అటానమస్ కాలేజీ పేరు, హాల్ టికెట్ నంబరు, పరీక్ష నెల, సంవత్సరం, ఒక్కో పేపరుకు క్రెడిట్లు (అంటే ఆ పేపరు బరువు), గ్రేడు పాయింటు, కింద ఆ సెమిస్టరు ఎస్.జి.పి.ఏ. ఉంటాయి. ఎస్.జి.పి.ఏ. అంటే పాయింట్ల సగటు కాదు, క్రెడిట్లతో తూచిన సగటు. ఒక సెమిస్టరులో నాలుగు క్రెడిట్ల పేపర్లు రెండు ఉండి 8, 6 పాయింట్లు వచ్చాయనుకుందాం. మూడు క్రెడిట్ల పేపరులో 9, రెండు క్రెడిట్ల దానిలో 7. గుణిస్తే 32, 24, 27, 14, మొత్తం 97. దాన్ని 13 క్రెడిట్లతో భాగిస్తే 7.46. నాలుగు క్రెడిట్ల పేపరులో ఒక పాయింటు పెరిగితే ఎస్.జి.పి.ఏ. సుమారు 0.31 పెరుగుతుంది, రెండు క్రెడిట్ల దానిలో పెరిగితే 0.15 మాత్రమే. రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టేముందు ఈ లెక్క వేసుకోండి. ఉద్యోగ దరఖాస్తులో శాతం అడిగితే 9.5తో గుణించే అలవాటు ఉంది. అది సి.బి.ఎస్.ఇ. పదో తరగతి సూత్రం, డిగ్రీకి పనికిరాదు. తాము చదివిన రెగ్యులేషన్‌లో ఇచ్చిన సూత్రమే వాడాలి.

రెగ్యులేషన్ అంటే ఏ ఏడాది చేరితే ఆ ఏడాది నిబంధనలు. మన రాష్ట్ర డిగ్రీలో ఇవి తరచూ మారాయి. 2015-16లో వార్షిక పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి. 2020-21లో ఇంటర్న్‌షిప్పులు, నాలుగో ఏడాది ఆనర్స్ వచ్చాయి. 2021-22లో అంతా ఇంగ్లీషు మాధ్యమమైంది. 2023-24లో ఎం.పి.సి. తరహా మూడు సబ్జెక్టుల కూర్పు పోయి ఒకే ముఖ్య సబ్జెక్టు (మేజర్), దానికి తోడు ఒక చిన్న సబ్జెక్టు (మైనర్) వచ్చాయి. ఇన్ని మార్పులు ఇంత త్వరగా పెట్టడం ప్రభుత్వ కాలేజీలకు మోయలేని భారమైంది. ముగ్గురు అధ్యాపకులున్న చోట ఒక మేజరు పూర్తిగా నడపడమే కష్టం. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది. పాత సిలబస్‌కు ప్రశ్నపత్రం పెట్టడం కొన్నాళ్లకు ఆపేస్తారు. ఆ తర్వాత సమానమైన కొత్త పేపరు రాయాలి, లేదా ఎప్పుడో ఇచ్చే ప్రత్యేక అవకాశం కోసం ఎదురుచూడాలి. అందుకే మిగిలిన పేపరును మొదట వచ్చే సప్లిమెంటరీలోనే రాసేయాలి.

బోధన రుసుము, కాగితాలు

ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు విశ్వవిద్యాలయానిది కాదు, ప్రభుత్వానిది. 2021 నుంచి కొన్నాళ్లు తల్లి ఖాతాలో వేశారు, తర్వాత మళ్లీ కాలేజీ ఖాతా పద్ధతికి వచ్చారు. కన్వీనర్ కోటా సీటు, అంటే పోర్టల్ ద్వారా కేటాయించిన సీటు, 75 శాతం హాజరు ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాకు రాదు. ప్రభుత్వ కాలేజీలో ఫీజే తక్కువ గనక నొప్పి తెలియదు. ప్రైవేటులో విడుదల ఆలస్యమైతే టి.సి. ఆపడం మామూలైపోయింది. అసలు సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యు.జి.సి. 2018లోనే చెప్పింది, ప్రిన్సిపాల్‌కు రాసిచ్చే అర్జీలో ఆ మాట రాసి, అందినట్టు సంతకం తీసుకుంటే తర్వాత పైకి పోవడానికి ఆధారం ఉంటుంది.

చదువు పూర్తయ్యాక వరసగా వచ్చేవి కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ (తాత్కాలిక పట్టా), ఆపై ఒరిజినల్ డిగ్రీ (ఓ.డి.). ప్రొవిజనల్‌తో ఎం.ఏ., ఎం.ఎస్సీలో చేరొచ్చు, ఉద్యోగంలో స్థిరపడాలన్నా, విదేశాలకు పోవాలన్నా ఓ.డి. అడుగుతారు, కాబట్టి స్నాతకోత్సవ నోటిఫికేషన్ వచ్చినప్పుడే దరఖాస్తు పెట్టుకోవాలి. ఎక్కువ అర్జీలు వెనక్కి వచ్చేది పేరు దగ్గరే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉండి, డిగ్రీలో చివరికి పోయి ఉంటుంది. కొలమానం పదో తరగతిదే. మొదటి సెమిస్టరు నామినల్ రోల్ (పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా) మీద సంతకం పెట్టేటప్పుడే అక్షరం అక్షరం సరిచూసుకుంటే అయిదు నిమిషాల పని. పట్టా అచ్చయ్యాక అయితే అఫిడవిట్, రుసుము, నెలల తరబడి తిరుగుడు.

పాత పట్టాల వాళ్లకు ఒక మాట. కాలేజీ ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయం కింద ఉందన్నది వాళ్లకు ముఖ్యం కాదు, పట్టా మీద ఎవరి ముద్ర ఉందన్నదే చూడాలి. 1995లో నెల్లూరులో బి.ఏ. చదివినవారి పట్టా నిజమైనదేనని తేల్చే పని (వెరిఫికేషన్) విక్రమ సింహపురిలో జరగదు, తిరుపతికే రావాలి. 1980కి ముందు అనంతపురం కాలేజీలో చదివినవారిదీ అంతే. అప్పటి హాల్ టికెట్ నంబరు, పాసైన నెల, సంవత్సరం, చదివిన కాలేజీ పేరు ఉంటే రిజిస్టరు వెతకడం సులువు. అవి లేకపోతే ముందు ఆ కాలేజీకి పోయి అడ్మిషన్ రిజిస్టరు నుంచి స్టడీ సర్టిఫికెట్ రాయించుకుని, దానితో తిరుపతి బస్సెక్కాలి.